ఆకలి చలికాలంలో రాసిన లెక్కలు



తాత పడ్డ కష్టం మనవడి ఒంట్లో మిగులుతుందా అని ఈమధ్య చాలామంది నన్ను అడుగుతున్నారు. దీనికి దగ్గరగా మనుషుల్లో దొరికిన గట్టి ఆధారాల్లో పెద్ద వంతు ఒకే ఒక్క చలికాలం నుంచి వచ్చింది. నెదర్లాండ్స్, 1944-45.

1944 సెప్టెంబరులో మిత్రపక్షాల సేనలకు సాయంగా డచ్చి రైల్వే కార్మికులు సమ్మెకు దిగారు. దేశాన్ని ఆక్రమించి ఉన్న జర్మన్లు కక్షగట్టి పడమటి పట్టణాలకు తిండి గింజ వెళ్లనివ్వలేదు. నవంబరులో పడవలకు అనుమతిచ్చినా చలి ముందే ముదిరి కాలువలు గడ్డకట్టాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో మనిషికిచ్చే రోజు రేషన్ ఫిబ్రవరి చివరికి 580 కేలరీలకు పడిపోయింది. మనం ఒక పూట తినే పప్పూ అన్నమూ అంత. జనం తులిప్ దుంపలు ఉడికించుకు తిన్నారు. 1945 మేలో విముక్తి వచ్చేలోగా సుమారు 20,000 మంది పోయారు.

నన్ను కదిలించేది ఆ చావుల మధ్య ఆగకుండా సాగిన పని. ఊరంతటి ఆకలీ తమదే అయినా, ఆసుపత్రుల్లో మంత్రసానులు, నర్సులు పుట్టిన బిడ్డలను తూచి, కొలిచి, మాయ బరువుతో సహా రాసిపెట్టారు. ఆ పుస్తకాలే లేకపోతే ఈరోజు నేను చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

ఆ కరువు పిల్లల మీద 1975లో జీనా స్టైన్, మెర్విన్ ససర్ దంపతులు తమ సహచరులతో కలిసి పెద్ద గ్రంథం తెచ్చారు. 2008లో హైమన్స్, లూమే బృందం ఇంకో అడుగు వేసింది. తల్లి కడుపున పడ్డ తొలి వారాల్లోనే ఆకలి తగిలినవాళ్లకు, అరవై ఏళ్ల తర్వాత కూడా, ఐజీఎఫ్‌2 అనే జన్యువు మీద ఉండే మిథైల్ గుర్తులు (జన్యువు పనిని అదుపు చేసే రసాయన గుర్తులు) తక్కువగా కనిపించాయి. పోల్చి చూసింది ఎవరితో? వాళ్ల సొంత తోబుట్టువులతో. ఆ పరిశోధనను నేను నమ్మడానికి పెద్ద కారణం ఇదే. చివరి నెలల్లో ఆకలి తగిలి బరువు తక్కువగా పుట్టినవాళ్లలో మాత్రం ఈ తేడా లేదు.

ఒక హెచ్చరిక. ఇది కడుపులోని బిడ్డకు నేరుగా తగిలిన ఆకలి. తాత భయం మనవడికి దిగిందనడానికి ఇంత బలమైన సాక్ష్యం మనుషుల్లో ఇంకా లేదు. నాజీల మారణకాండ నుంచి బయటపడ్డవారి మీద రేచల్ యెహూదా చేసిన ప్రసిద్ధ పరిశోధనలో ఉన్నది 32 మంది, వాళ్ల పిల్లలు 22 మంది. అందుకే 'మా వంశం రక్తంలోనే దుఃఖం ఉంది' అంటే నేను ఒప్పుకోను. పెద్దవాళ్ల మౌనం, ఊరికే వచ్చే కోపం, తిండి దాచుకునే అలవాటు పెంపకంలోనూ దిగుతాయి.

తమకు ఇలా దిగినవేమిటో తెలుసుకోవాలని చికాగోలోనో టొరంటోలోనో ఉన్న మన పిల్లలు, సాయంత్రం నాలుగున్నరకే పొద్దుగూకే రోజుల్లో, ఇంటి పాత గాయాలు తవ్వడం మొదలుపెడతారు. వాళ్లకు నేను చెప్పేది: ఆ తవ్వకం పొద్దుటి వెలుతురులో గంటసేపు చాలు, రాత్రి పాత ఉత్తరాలు ముట్టొద్దు. ఎవరు, ఏ ఊరు, ఏ ఏడు అన్నది ముందు రాయండి. కాగితం చూపించేది ఒకవైపు, విన్నది ఒకవైపు. పెద్దమ్మనూ చిన్నాన్ననూ విడివిడిగా అడగండి. ఒకే ఇంట్లో ఒకే కష్టాన్ని ఇద్దరు ఒకేలా పడరు. చెప్పలేనమ్మా అంటే అక్కడికి ఆపేయండి. రెండు వారాలు నిద్ర పట్టకపోయినా, దేని మీదా మనసు నిలవకపోయినా పని పక్కనపెట్టి డాక్టరును కలవండి. చలికాలపు కుంగుబాటుకు పొద్దుటిపూట దీపకాంతి చికిత్స ఉంది, చాలామందికి పనిచేస్తుంది. పాత కాగితాలు వేసవి దాకా ఆగుతాయి. ఎనభై దాటిన అమ్మమ్మ చెబుతానంటే మాత్రం, ఆ మాటలు ఈలోపే ఫోన్లో రికార్డు చేయమని ఇంట్లో ఎవరికైనా పురమాయించండి.