సముద్రపుటొడ్డున పాత మేడ

ఉత్తర తెలంగాణమునుండి ముంబయికి పోవుట క్రొత్త సంగతి కాదు. ఆదిలాబాదులో రైలెక్కి, నాందేడు, మన్మాడుల మీదుగా ఆ నగరము చేరి పని చూచుకొనినవారు బోథు ప్రాంతపు శ్రోతలకు అపరిచితులు కారు. పదునెనిమిదవ శతాబ్దాంతము నాటికే నిజాము రాజ్యమునుండి వెళ్లిన తెలుగు కూలీలకు అక్కడ కామాఠీలని పేరు వచ్చినది. వారు నిలిచిన పేటయే కామాఠీపురా. ఆ నగరపు కట్టడములకు రాయి, సున్నము మోసినవారిలో వీరు కలరు. కావున ముంబయి మేడల మాట మనకు పరాయి మాట కాదు.

నేను ముచ్చటింపదలచినవి మెరైన్ డ్రైవులో సముద్రమున కెదురుగాను, ఓవల్ మైదానమునకు పడమటి ప్రక్కను వరుసగా నిలిచిన ఇండ్లు. సముద్రమును పూడ్చి సంపాదించిన నేలపై 1930లలోను, 40లలోను వీనిని కట్టిరి. వీని మూలలు గుండ్రనివి. బాల్కనీలు ఓడ అంచులవలె వంపు తిరిగి యుండును. కిటికీలపై సన్‌షేడ్లు కనుబొమలవలె సాగును. ఇనుప గేట్లపై సూర్యకిరణములు, ఫౌంటెనులు చిత్రించియుందురు. 1925లో పారిస్ నగరమున జరిగిన ప్రదర్శనముతో ఈ శైలి ప్రపంచమంతట ప్రాకినది. ఆర్ట్ డెకో అను పేరు మాత్రము 1960లలో గాని వాడుకకు రాలేదు. అనగా, మొదట ఆ ఇండ్లలో కాపురమున్నవారికి తామే శైలిలో కాపురమున్నారో తెలియదన్నమాట! 1933 నాటి రీగల్, 1938 నాటి ఈరోస్ సినిమాశాలలును ఈ కోవలోనివే. గజానన్ బాబూరావు మాత్రే అను వాస్తుశిల్పి కట్టిన సూనా మహల్ 1937 నాటిది. 2018లో యునెస్కో వారు ఓవల్ మైదానపు చుట్టుప్రక్కల, మెరైన్ డ్రైవున గల 94 కట్టడములను ప్రపంచ వారసత్వములో చేర్చిరి. మాత్రే పేరు మనకు తెలియును; ఆయన గీచిన వంపులకు చెక్కపలకలు కట్టి సిమెంటు పోసిన మేస్త్రీల పేర్లు తెలియవు.

అట్టి మేడలో ఒక ఫ్లాటును బాగుచేయుట యనగా నేమి? క్రొత్తగా కొనినవారు సాధారణముగా లోపలినుండి మొదలు పెట్టుదురు. పాత మొజాయిక్ నేలను పగులగొట్టి పాలరాయి పరతురు. టేకు కిటికీలను తీసివేసి అల్యూమినియమువి బిగింతురు. గది పెద్దది కావలెనని బాల్కనీని అద్దములతో మూసివేయుదురు. ఆ బాల్కనీ సముద్రపు గాలిని ఇంటిలోనికి పిలుచుటకై కట్టినది. దానిని మూయగనే గదిలో ఉక్క. ఉక్కపోతకు ఎయిర్ కండిషనరు. దాని నీరు గోడవెంట కారి క్రింది ఇంటివారికి చెమ్మ. అంతయు డబ్బిచ్చి కొనితెచ్చుకొనినదే.

అసలు శత్రువు గోడలోపల నున్నాడు. మంచి కాంక్రీటునకు ఒక క్షారగుణము కలదు; అది లోని ఇనుప ఊచలను తుప్పునుండి కాపాడును. సముద్రపు గాలిలోని ఉప్పు ఏండ్ల తరబడి మెల్లమెల్లగా లోనికి దిగి, ఆ కాపుదలను చెరచును. తుప్పు పట్టిన ఇనుము మునుపటికంటె ఎన్నో రెట్లు చోటు కోరును. ఆ ఉబ్బునకు కాంక్రీటు పగిలి పెచ్చులూడును. సన్‌షేడు పెచ్చు మూడవ అంతస్తునుండి బాటసారి నెత్తిన పడిన నేమగునో వేరుగ చెప్పనక్కరలేదు.

పైన సిమెంటు పూసి రంగు వేసినచో తుప్పు మాయదు, కనబడకుండ పోవును. అంతకంటె ప్రమాదము లేదు. సరియైన పద్ధతి శ్రమతో కూడినది. ముందుగా క్రింద గుంజలు ఆనించి బరువు నిలుపవలెను. ఊచ వెనుకవరకు చెడిన కాంక్రీటును తొలిచి, తుప్పు గీకి, సన్నబడిన ఊచకు తోడు ఊచ కట్టి, పూత పూసి, మరల పాత వంపునకు సరిపడునట్లు నింపవలెను. ఈ ఖర్చు అతిథుల కంట బడదు. అందుచేతనే దీనికి చేయి రాదు.

మరియొక చిక్కు కలదు. బయటి గోడ ఎవరిది? 1947 నాటి బొంబాయి అద్దె చట్టము అద్దెలను బిగించివేసినది. వచ్చు అద్దె మరమ్మతునకు చాలదని యజమానులు చేతులు ముడుచుకొనిరి. ఇల్లు తమది కాదని అద్దెకున్నవారును ఊరకుండిరి. ఇరువురిని తప్పు పట్టుట సులభమే గాని, ముసలితనమున చిన్న పింఛనుపై బ్రదుకు అద్దెకాపును సన్‌షేడునకు చందా అడుగుట అంత సులభము కాదు. డబ్బుగలవారు వచ్చి మేడ నంతటిని మెరుగుపరచిన నాడు అట్టివారికి అందులో నిలువ నీడ యుండునా అను ప్రశ్నయును ఉన్నది. రంగుల నమూనాలు చూపువారు ఈ ప్రశ్న నెత్తరు.

నా మట్టుకు, లోపల ఎవరి ఇష్టము వారిది. వంటయిల్లు, స్నానపు గది నేటి అవసరములకు మార్చుకొనవలసినవే. 1930ల నాటి నీటి గొట్టములను పూజించుట వెఱ్ఱి. బాల్కనీ వంపు మాత్రము పై యింటికి, ప్రక్క యింటికి కలిసిన గీత. ఒకరు మూసినచో వరుస అంతయు తెగును.

మొజాయిక్ నేల మన ఊళ్లలోను పాత ఇండ్లలో కలదు. రాతిపలుకులను సిమెంటులో కలిపి పరచి, ఆరిన పిమ్మట నీరు పోయుచు అరుగదీయుదురు. అట్టి నేలలో ఒక మూల పగిలినచో అదే రంగు పలుకు వెదకి, అదే పాలు కలిపి అతుకువేయు పనివాడు నేడు అరుదు. ఎంత నేర్పరి వేసినను, ఉదయపు వెలుతురు ఏటవాలుగా పడినప్పుడు అతుకు కొంచెము తెలియును. తెలిసిన నేమి? నేల గట్టిగా నున్నది గదా.