దర్శకుడుగా నందమూరి తారక రామారావు



నటుడు దర్శకుడగుట తెలుగు చిత్రసీమకు క్రొత్త కాదు. చిత్తూరు నాగయ్యగారు 1946లో 'త్యాగయ్య'కును, భానుమతిగారు 1953లో 'చండీరాణి'కిని, ఎస్.వి. రంగారావుగారు 1967లో 'చదరంగం'నకును తామే దర్శకత్వము వహించిరి. అయినను నటుడు దర్శకుడుగా నెగ్గెనా అను ప్రశ్న రామారావుగారి విషయముననే ఎక్కువగా వినవచ్చుచుండును. చిత్రములు ఆడినవి గనుక నెగ్గినట్లే యని కొందరందురు. జనము వచ్చినది ఆయన వేషము చూచుటకే గాని దర్శకత్వము చూచుటకు కాదని మరికొందరందురు. టిక్కెట్ల లెక్కతో ఈ వాదము తెగునది కాదు. దర్శకుడైన రామారావుగారు నటుడైన రామారావుగారిని ఎట్లు వాడుకొనిరో చూచినచో కొంత తెగును.

1949లో 'మనదేశం'తో తెరకు వచ్చిన ఆయన ఎల్.వి. ప్రసాద్, బి.ఎన్. రెడ్డి, కె.వి. రెడ్డి వంటి వారి వద్ద పనిచేసిరి. అంతకు మించిన బడి ఆనాడు మదరాసులో లేదు. 'సీతారామ కల్యాణం'నకు మొదట కె.వి. రెడ్డిగారినే కోరిరనియు, 'మాయాబజార్'లో తాము కృష్ణునిగా నిలిపిన వానిని రావణునిగా చూపుటకు వారికి మనసొప్పలేదనియు ప్రసిద్ధి. అంతట రామారావుగారే ఆ భారము నెత్తికెత్తుకొనిరి. 1961 జనవరిలో చిత్రము విడుదలైనది. దర్శకుని పేరు తెరపై ఎక్కడను లేదు.

ఈ చిత్రమున ఆయన చేసిన మొదటి పని శ్రీరామ పాత్రను హరనాథ్‌కు అప్పగించుట. సీతగా గీతాంజలి అను క్రొత్త నటి. తాను రావణుడు. ఆ రావణుడు వట్టి రక్కసుడు కాడు. శివభక్తుడు, వీణావిద్వాంసుడు, పండితుడు. తన ప్రేగులనే తంత్రులుగా చేసి శివుని మెప్పించు ఘట్టము చూచినవారు మరువరు. ఛాయాగ్రాహకుడు రవికాంత్ నగాయిచ్‌కు అదియే తొలి చిత్రము. కంప్యూటర్లు లేని ఆ దినములలో పది తలలను కెమేరా యుక్తితోనే చూపించిరి. క్రొత్తవానిని నమ్మి ఇంతటి పని అప్పగించుట దర్శకుని గుండె ధైర్యమునకు గుర్తు. ఇక సుశీలగారు పాడిన ఆ పెండ్లిపాట మ్రోగని శ్రీరామనవమి పందిరి పల్లెలలో అరుదు గదా! గాలి పెంచల నరసింహారావుగారి సంగీతమది.

1962లో వచ్చిన 'గులేబకావళి కథ' జానపదము. సి. నారాయణరెడ్డిగారిని సినిమా కవిగా పరిచయము చేసిన కీర్తి దానిది.

దర్శకుడుగా పేరు వేసికొన్నది 1966లో, 'శ్రీకృష్ణ పాండవీయం'తో. కృష్ణుడును దుర్యోధనుడును ఆయనయే. అయితే కథకు ఇరుసు ఈ ఇద్దరును కారు, ధూళిపాళగారి శకుని. తండ్రినీ సోదరులనూ చెరలో మాడ్చి చంపిన కౌరవులపై పగ తీర్చుకొనుటకు శకుని వారి పక్షముననే చేరెనను ఆ కథ వ్యాసభారతమున లేదు. జనము నోట నిలిచినది. గ్రంథాలయమున కవిత్రయ భారతము చదివిన పాఠకుడు ఇది ఎక్కడిదని ఆశ్చర్యపడవచ్చును. గ్రంథమునకును జనశ్రుతికిని నడుమ ఏది తెరకు తగునో ఎరిగి తీసికొనుట దర్శకుని వివేకము. మరియొక నటుడు తనను మించి మెరయుటకు చోటిచ్చుట అంతకంటె గొప్ప.

సాంఘికమున 'వరకట్నం' ఒకటి చెప్పవలెను. 1968 సంవత్సరపు ఉత్తమ తెలుగు చిత్రముగా దానికి జాతీయ పురస్కారము లభించినది.

'దాన వీర శూర కర్ణ' 1977 జనవరి 14న వచ్చినది. అదే దినమున 'కురుక్షేత్రం' అను మరొక భారత చిత్రమును విడుదలైనది. జనము కర్ణుని వైపే మొగ్గిరి. నాచారములోని తమ రామకృష్ణా స్టూడియోలో 43 దినములలో చిత్రీకరణ ముగించిరని చెప్పుదురు. నిడివి మూడున్నర గంటలకు పైబడినది. కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మువ్వురును ఆయనయే. కొండవీటి వేంకటకవిగారి సంభాషణలు పల్లెపల్లెన జనము కంఠస్థము చేసిరి. కులము పేరిట కర్ణుని అవమానించిన సభలో దుర్యోధనుడు ప్రశ్నించు ఘట్టము పౌరాణికమైనను, ఈనాటి రచ్చబండకును తగులునట్టిది. అయినను ఒక మాట దాచరాదు. కెమేరా పలుమార్లు నటుని యెదుట పద్యనాటకపు ప్రేక్షకునివలె కదలక కూర్చుండును. దుర్యోధనునకు యుగళగీతమును పెట్టుట సాహసమే. మువ్వురినీ ఒక్కరే ధరించుట వలన వారి నడుమ రగులవలసిన సంఘర్షణ కొన్ని చోట్ల ఒకే గొంతులో కరగిపోయినది. ఈ చిత్రమును నిలిపినది నటుడే. దర్శకుడు ఆతనికి దాసుడయ్యెను.

అదే యేడు వచ్చిన 'చాణక్య చంద్రగుప్త'లో చాణక్యుని పాత్రను అక్కినేని నాగేశ్వరరావుగారికి ఇచ్చిరి. తనకు దీటైనవాడు ఎదుట నిలిచినప్పుడు రామారావుగారి చంద్రగుప్తుడు ఎంతటి నిగ్రహముతో నడిచెనో గమనింపదగినది. అట్టి నిగ్రహము చూపించిన దర్శకుని సమర్థుడు కాడనుట అన్యాయము.

తరువాత రాజకీయములు వచ్చినవి. 1984లో 'శ్రీమద్విరాట్ వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర' సెన్సారు చిక్కులు దాటి వచ్చి ఆడినది. 1991లో 'బ్రహ్మర్షి విశ్వామిత్ర', 1992లో 'సామ్రాట్ అశోక్' ఆడలేదు. జనము మారిరని సరిపెట్టుట సులభము. కాని విశ్వామిత్రుని నాటికి ఆయనకు అరువది యేడేండ్లు నిండినవి. మేనక మనసు దోచిన యౌవనమును ఆ దేహమున వెదకుట కష్టమని అద్దము చెప్పలేదు. సెట్టుమీద చెప్పగల అధికారము ఒక్క దర్శకునిదే, ఆ దర్శకుడును ఆయనయే. 1961లో రాముని వేషమును హరనాథ్‌కు అప్పగించిన ఆ దర్శకుడే ఆనాడు ఉండినచో, ఆయనకు విశ్వామిత్రుని గాక వసిష్ఠుని వేషము కట్టి యుండును.