కెమెరా డ్రోన్: ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి మారడం



పెళ్లి ఊరేగింపు మీద, జాతర మీద, పంట పొలం మీద డ్రోన్ ఎగరడం మీరు చూసే ఉంటారు. మీలో కొందరు కళాశాల ప్రాజెక్టు కోసం దాన్ని నడిపి కూడా ఉంటారు. డ్రోన్ ఎలా ఎగురుతుందన్నది ఈ పాఠంలో మన విషయం కాదు. ఒక కంపెనీ కెమెరా డ్రోన్‌కు అలవాటు పడినవారు మరో కంపెనీ డ్రోన్‌కు మారితే ఏమేం మారతాయో తెలుసుకుందాం. సైకిలు కంపెనీ మారినంత మాత్రాన తొక్కడం మళ్లీ నేర్చుకోం కదా అని మీరు అడగవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. దాని ఫలితం ఏమిటో మొదట చెబుతాను.

ఒకసారి విద్యార్థులతో కలిసి, అనుమతులు తీసుకుని, ఒక కొండకోటను ఫొటోలు తీయడానికి వెళ్లాను. అంతకు ముందు నాలుగేళ్లు ఒకే కంపెనీ డ్రోన్ నడిపాను. ఆ రోజు చేతిలో ఉన్నది వేరే కంపెనీది, కొని వారమే అయింది. కొండ కింద నుంచి ఎగరేసి, అవతలి వైపున్న దిగువ గోడను 25 మీటర్ల ఎత్తులో చిత్రిస్తున్నాను. కొండ అడ్డం రావడంతో సిగ్నల్ తెగింది. నాకు కంగారు కలగలేదు. సిగ్నల్ తెగితే డ్రోన్ తనంతట తాను బయలుదేరిన చోటికి తిరిగి వస్తుంది. ఆ తిరుగు ప్రయాణపు ఎత్తును పాత డ్రోన్‌లో ఎప్పుడో 100 మీటర్లకు పెట్టుకున్నాను. కొత్తదానిలో అది 30 మీటర్లు. ఆ సంఖ్యను నేను చూడనే లేదు. డ్రోన్ 30 మీటర్లకు లేచి, తిన్నగా మా వైపు బయలుదేరి, దారిలో కొండవాలు మీది చెట్టు రెమ్మలకు తగిలి రాతిమెట్ల మీద పడింది. పది నిమిషాల ముందు ఇద్దరు విద్యార్థులు అవే మెట్ల మీద నిలబడి ఉన్నారు. యంత్రం తనకు చెప్పినట్టే చేసింది. చెప్పవలసినవాణ్ణి నేను.

ఈ పాఠంలో గుర్తుంచుకోవలసిన విషయం ఆ సంఘటనలోనే ఉంది. డ్రోన్ తయారుచేసేటప్పుడు కంపెనీ కొన్ని నిర్ణయాలు మన తరపున ముందే తీసుకుంటుంది. ఎంత ఎత్తులో తిరిగి రావాలి, సిగ్నల్ తెగితే ఏం చేయాలి, ఎత్తును ఎక్కడి నుంచి లెక్కించాలి, ఇలాంటివన్నీ. కంపెనీ మారగానే ఈ నిర్ణయాలు మనకు చెప్పకుండానే మారిపోతాయి. వాటిని వెతికి పట్టుకోవడమే అసలు పని.

ఎందుకు మారవలసి వస్తుంది?

చైనాలోని షెన్‌జెన్ నగరానికి చెందిన డీజేఐ కంపెనీ 2013 జనవరిలో ఫాంటమ్ అనే డ్రోన్‌ను విడుదల చేసింది. విడిభాగాలు కొని బిగించుకునే అవసరం లేకుండా, పెట్టెలోంచి తీసి ఎగరేసుకునే ఇలాంటి డ్రోన్లు అప్పటి నుంచి బాగా వ్యాపించాయి. పోటీకి చాలా కంపెనీలు వచ్చాయి. అన్నీ నిలవలేదు. అమెరికాకు చెందిన త్రీడీ రోబోటిక్స్ 2015లో సోలో అనే డ్రోన్ తెచ్చి, ఆ తర్వాతి ఏడాదికే తయారీ నుంచి సాఫ్ట్‌వేర్ వైపు మళ్లింది. చిన్న కెమెరాలకు పేరుపొందిన గోప్రో 2016 అక్టోబరులో కర్మా డ్రోన్‌ను అమ్మకానికి పెట్టింది. కొన్ని డ్రోన్లకు గాలిలోనే విద్యుత్ ఆగిపోవడంతో నవంబరులో సుమారు 2,500 డ్రోన్లను వెనక్కి పిలిపించింది. 2017 ఫిబ్రవరిలో మళ్లీ అమ్మకాలు మొదలుపెట్టినా, 2018 జనవరిలో డ్రోన్ల వ్యాపారం నుంచి తప్పుకొంటున్నట్టు ప్రకటించింది. అమెరికా కంపెనీ స్కైడియో 2023లో సాధారణ వినియోగదారుల డ్రోన్లను ఆపేసి, సంస్థలకు మాత్రమే అమ్మాలని నిర్ణయించుకుంది. ఈ డ్రోన్లు కొన్నవారు తమ ఇష్టంతో మారలేదు. బ్యాటరీలు, విడిభాగాలు దొరకడం కష్టమై మారవలసి వచ్చింది.

మరో కారణం ప్రభుత్వ నిర్ణయాలు. మన కేంద్ర ప్రభుత్వం 2022 ఫిబ్రవరి 9న విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకు మినహాయింపు ఉంది. విడిభాగాల దిగుమతికి అడ్డు లేదు. దేశంలో తయారీ పెరగాలన్నది దీని ఉద్దేశం. ఐఐటీ బాంబేలో చదివినవారు 2007లో స్థాపించిన ఐడియాఫోర్జ్ వంటి స్వదేశీ సంస్థలు సర్వేకు, నిఘాకు డ్రోన్లు తయారుచేస్తున్నాయి. అమెరికాలోనూ 2025 డిసెంబరులో, కొన్ని మినహాయింపులతో, విదేశాల్లో తయారయ్యే కొత్త డ్రోన్ మోడళ్లకు అనుమతులు నిలిపివేస్తూ నిర్ణయం వెలువడింది. అంతకు ముందే అనుమతి పొందినవాటిని వాడుకోవడానికి అడ్డు చెప్పలేదు. కాబట్టి ఏ కంపెనీ డ్రోన్‌తో నేర్చుకున్నా, జీవితమంతా దానితోనే పనిచేస్తామని అనుకోకూడదు.

చేతికి పట్టిన అలవాటు

డ్రోన్ నడిపే పెట్టె మీద రెండు పుల్లలు ఉంటాయి. వీటిని స్టిక్కులు అంటాం. మన దేశంలో ఎక్కువగా కనిపించే అమరికను మోడ్ 2 అంటారు. ఇందులో ఎడమ స్టిక్కుతో పైకి కిందికి, కుడి స్టిక్కుతో ముందుకు వెనక్కి నడుపుతాం. జపాన్‌లో ఎక్కువమంది వాడే మోడ్ 1లో ఈ రెండు పనులూ చేతులు మారతాయి. ఒకరు వాడి అమ్మిన డ్రోన్ కొన్నప్పుడు దాని అమరిక ఏ మోడ్‌లో ఉందో చూడకపోతే, ముందుకు పోనిద్దామనుకున్న డ్రోన్ పైకి లేస్తుంది.

ఇంకో ముఖ్యమైన తేడా ఉంది. పెట్టెలోంచి తీసి ఎగరేసే కెమెరా డ్రోన్లలో, జీపీఎస్ సక్రమంగా అందుతున్నప్పుడు స్టిక్కులు వదిలేస్తే డ్రోన్ ఉన్నచోటే ఆగుతుంది. ఆర్డూపైలట్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ మీద నడిచే డ్రోన్లలో చాలా మోడ్‌లు ఉంటాయి. లాయిటర్ మోడ్‌లో స్టిక్కులు వదిలితే డ్రోన్ నిలుస్తుంది. స్టెబిలైజ్ మోడ్‌లో వదిలితే డ్రోన్ అడ్డంగా సమతలానికి వస్తుంది గాని, గాలి ఎటు తోస్తే అటు కొట్టుకుపోతుంది. భయం వేసినప్పుడు మన చేతులు తెలియకుండానే స్టిక్కులను వదిలేస్తాయి. ఒక డ్రోన్‌లో అదే రక్షణ, మరోదానిలో అదే ప్రమాదం.

ఫొటో ఎంత నేలను చూస్తుంది?

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి.

సర్వే కోసం డ్రోన్‌ను పొలం దున్నినట్టు వరుసలుగా నడుపుతాం. పక్కపక్క వరుసల్లోని ఫొటోలు ఒకదాని మీద ఒకటి 70 శాతం వరకు పడాలి. అప్పుడే కంప్యూటర్ వాటిని కలిపి పటం తయారుచేయగలుగుతుంది. ఒక ఫొటోలో పట్టే నేల వెడల్పు తెలియాలంటే, సెన్సార్ వెడల్పును డ్రోన్ ఎత్తుతో గుణించి, లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగించాలి.

పాత డ్రోన్ సెన్సార్ వెడల్పు 13.2 మిల్లీమీటర్లు, లెన్స్ ఫోకల్ లెంగ్త్ 8.8 మిల్లీమీటర్లు అనుకుందాం. 100 మీటర్ల ఎత్తులో ఒక ఫొటోలో 150 మీటర్ల వెడల్పు నేల పడుతుంది. వరుసకూ వరుసకూ మధ్య 45 మీటర్లు ఉంచితే సరిగ్గా 70 శాతం కలుస్తుంది.

కొత్త డ్రోన్‌లో సెన్సార్ అంతే. ఫోకల్ లెంగ్త్ మాత్రం 10.3 మిల్లీమీటర్లు. ఇప్పుడు ఫొటోలో పట్టేది సుమారు 128 మీటర్లే. పాత ప్లాను ప్రకారం 45 మీటర్ల ఎడంతోనే నడిపితే కలిసే భాగం 65 శాతానికి పడిపోతుంది. చెట్లు దట్టంగా ఉన్నచోట పటంలో చిరుగులు కనిపించడానికి ఇది కారణం కావచ్చు. 70 శాతం రావాలంటే ఎడం సుమారు 38 మీటర్లకు తగ్గించాలి. 900 మీటర్ల వెడల్పు పొలానికి పాతదానితో 20 వరుసలు సరిపోతే, కొత్తదానితో 24 కావాలి. అంటే ఎగిరే సమయం పెరుగుతుంది, బ్యాటరీలు ఎక్కువ కావాలి. లాభం కూడా లేకపోలేదు. ఫొటో వెడల్పు 5,472 పిక్సెళ్లయితే, పాతదానిలో ఒక పిక్సెల్ నేల మీద 2.7 సెంటీమీటర్లు, కొత్తదానిలో 2.3 సెంటీమీటర్లు. వివరం పెరిగింది, విస్తీర్ణం తగ్గింది. రెండు కెమెరాలూ 20 మెగాపిక్సెళ్లే అని దుకాణంలో చెప్పే మాటలో ఈ తేడా కనిపించదు.

ఎత్తు అనే మాటకు ఎన్ని అర్థాలు?

తెర మీద 60 మీటర్లు అని కనిపిస్తే, అది సాధారణంగా మనం ఎగరేసిన చోటి నుంచి లెక్కించిన ఎత్తు. కొండవాలు మీద డ్రోన్‌కూ నేలకూ మధ్య పది మీటర్లే ఉండవచ్చు.

ఫొటోతో పాటు నమోదయ్యే ఎత్తు మరో రకం. జీపీఎస్ రిసీవర్ ఎత్తును ఎలిప్సాయిడ్ అనే గణిత ఆకారం నుంచి లెక్కిస్తుంది. మన టోపోగ్రాఫిక్ పటాల్లో ఎత్తులు సగటు సముద్రమట్టం నుంచి ఉంటాయి. దక్షిణ భారతదేశంలో చాలాచోట్ల ఈ రెండింటికీ తేడా 70 మీటర్లకు మించి ఉంటుంది. ఒక కంపెనీ ఒక లెక్కన, మరో కంపెనీ ఇంకో లెక్కన ఎత్తును రాస్తే ఏమవుతుంది? నిరుడు పాత డ్రోన్‌తో కొలిచిన చెరువును ఈ ఏడు కొత్తదానితో కొలిచి, రెండు ఫైళ్లనూ అలాగే పోల్చితే, చెరువు అడుగు పదుల మీటర్లు దిగిపోయినట్టు కనిపిస్తుంది. అంత పెద్ద తప్పు కాబట్టి వెంటనే పట్టుకుంటాం. ఒకటి రెండు మీటర్ల తప్పయితే అది నిజమేనని నమ్మేసే ప్రమాదం ఉంది.

2020 ఏప్రిల్ 24న మొదలైన స్వామిత్వ పథకంలో గ్రామాల్లోని ఇళ్ల స్థలాలను డ్రోన్లతో సర్వే చేసి యజమానులకు కార్డులు ఇస్తున్నారు. డ్రోన్ కొలత ఒక కుటుంబం చేతిలో కాగితంగా మారుతున్న కాలమిది. అందుకే కొలత ఏ ఆధారం నుంచి మొదలైందో రాసి ఉంచడం నేర్చుకోవాలి.

బ్యాటరీలు, కాగితాలు

ఒక కంపెనీ బ్యాటరీ మరో కంపెనీ డ్రోన్‌కు సాధారణంగా సరిపోదు. ఛార్జర్, రెక్కలు, కెమెరా ఫిల్టర్లు కూడా అంతే. కాబట్టి ఖర్చు లెక్కలో డ్రోన్ ధర ఒక్కటే వేయకూడదు.

2021 డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాముల వరకు బరువున్నవి నానో, ఆపైన 2 కిలోల వరకు మైక్రో డ్రోన్లు. పాత డ్రోన్ 249 గ్రాములై, కొత్తది 300 గ్రాములైతే మీ తరగతే మారిపోతుంది. వర్తించే నియమాలూ మారతాయి. రిమోట్ పైలట్ సర్టిఫికెట్ మనిషిది, గుర్తింపు సంఖ్య యంత్రానిది. పాత డ్రోన్ సంఖ్యను కొత్తదానికి వాడరాదు. నియమాలు సవరణకు లోనవుతుంటాయి కనుక కొనేముందే వాటిని చూసుకోవాలి.

మారే పద్ధతి

ముందుగా పాత డ్రోన్‌లో మీరు మార్చుకున్న ప్రతి సెట్టింగ్‌నూ నోటుపుస్తకంలో రాసుకోండి. కొత్తదానిలో ప్రతిదానికీ ఎదురుగా ఏముందో వెతికి రాయండి. దొరకని గడిని ఖాళీగా వదలండి. ఆ ఖాళీ నిండేవరకు మనుషులున్నచోట ఎగరేయకండి. మొదటి రోజు ఖాళీ మైదానంలో, నడుము ఎత్తుకు కొంచెం పైన, ఒక్కొక్క స్టిక్కునూ మెల్లగా కదిపి చూడండి. తర్వాత తిరిగి రమ్మనే బటన్ నొక్కి, ఎంత ఎత్తుకు లేస్తుందో, ఎక్కడ దిగుతుందో గమనించండి. సర్వే చేసేవారైతే, పాత డ్రోన్ పనిచేస్తుండగానే ఒకే స్థలాన్ని రెండింటితోనూ కొలిచి పోల్చండి. పాతది పాడైపోయాక ఆ అవకాశం దొరకదు. ఫొటోలను, రికార్డులను కంపెనీ యాప్‌లో మాత్రమే ఉంచకుండా, ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకునే రూపంలో మీ దగ్గర దాచుకోండి.

కొండకోట నుంచి తిరిగి వచ్చాక నేను అలాంటి నోటుపుస్తకం మొదలుపెట్టాను. మొదటి పేజీలో ఒకే సంఖ్య ఉంది: తిరుగు ప్రయాణపు ఎత్తు. ఇప్పుడు మా విద్యార్థులు డ్రోన్ పెట్టె తెరిచేముందు ఆ పుస్తకం తెరుస్తారు.

అభ్యాసం

1. సెన్సార్ వెడల్పు 13.2 మి.మీ., ఫోకల్ లెంగ్త్ 6.6 మి.మీ. ఉన్న కెమెరా 100 మీటర్ల ఎత్తులో ఎంత వెడల్పు నేలను చూస్తుంది? 70 శాతం కలవాలంటే వరుసల మధ్య ఎంత ఎడం ఉండాలి?

2. కొండ కింద నుంచి ఎగరేసిన డ్రోన్ తెర మీద 60 మీటర్లు చూపుతోంది. ఆ చోట కొండ 45 మీటర్ల ఎత్తు ఉంటే, డ్రోన్‌కూ నేలకూ మధ్య దూరం ఎంత? ఆ వాలు మీద 20 మీటర్ల చెట్టు ఉంటే ఏం జరుగుతుంది?

3. మీ ఇంట్లో ఒక కంపెనీది మార్చి మరో కంపెనీది కొన్న వస్తువు ఏదైనా తీసుకోండి. పాత కంపెనీ మీ తరపున తీసుకున్న ఏ నిర్ణయం మీకు అది మారిన తర్వాతే తెలిసింది? ఐదు వాక్యాల్లో రాయండి.