ఉద్యోగం వదిలి వెళ్ళిన టెలిఫోన్ ఇంజనీరు
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. గురించీ, మెడికల్ బిల్లుల గురించీ మాట్లాడవలసినవారు మాట్లాడేశారు. సెక్రటరీ గారు నిన్న ఫోన్ చేసి, "మీరు కాస్త వేరే సంగతి ఏదైనా చెప్పండి, అందరం ఒకే పాట పాడితే భోజనాల ముందే కునుకు పడుతుంది" అన్నారు. పాట అన్నారు గనుక పాటగాళ్ళ సంగతే ఎత్తుకుంటున్నాను. ఇంగ్లండులో బీటిల్స్ అని నలుగురు కుర్రాళ్ళు ఉండేవారు. మనం శాఖలో చేరిన కొత్తల్లో వాళ్ళ పేరు పేపర్లో చూసినవాళ్ళం చాలామందిమి ఉన్నాం. ఆ నలుగురి గొప్ప చెప్పడానికి బోలెడు పుస్తకాలున్నాయి. వాళ్ళ సామాను మోసిన మనిషి గురించి నేను నాలుగు మాటలు చెబుతాను. ఎందుకంటే ఆయన మనవాడు. టెలిఫోన్ల మనిషి.

ఈ కథ నా దాకా ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. మా పెద్దమ్మాయి కొడుకు హైదరాబాదులో ఒక ప్రైవేటు కంపెనీలో పని చేస్తున్నాడు. శని ఆదివారాలు ఒక పాటల బృందంతో తిరుగుతూ మైకులు, స్పీకర్లు చూసుకుంటుంటాడు. పోయినేడు ఒకరోజు ఉద్యోగం మానేసి పూర్తిగా వాళ్ళతోనే వెళ్ళిపోతానన్నాడు. మా అమ్మాయి ఫోన్లో ఏడుపు. "నాన్నా, నువ్వు చెబితే వింటాడు" అంది. ముప్పై ఆరేళ్ళ సర్వీసు, ఒక్క బ్రేకు లేనివాణ్ణి. నా దగ్గర ఉపన్యాసం సిద్ధంగానే ఉంది. వాడు మాత్రం, "తాతయ్యా, ముందు ఈ సినిమా చూడు, తరవాత తిట్టు" అని టీవీలో ఒకటి పెట్టి వెళ్ళాడు. 2021లో వచ్చిన 'గెట్ బ్యాక్'. దాదాపు ఎనిమిది గంటల సినిమా. 1969 జనవరిలో బీటిల్స్ పాటలు కట్టుకుంటుంటే తీసిన ఫిల్మంతా ఏర్చి కూర్చారు.

మూడు రాత్రులు చూశాను. పాటలు నాకు పెద్దగా ఎక్కలేదు, అబద్ధం ఎందుకు. అందులో ఒక భారీ మనిషి, కళ్ళజోడు పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతుంటాడు. ఒకరు నోటికొచ్చిన మాట పాడుతుంటే పక్కన కూర్చుని కాగితం మీద రాస్తాడు. ఒక పాటలో సుత్తి చప్పుడు కావాలంటే కమ్మరి దాగలి ఒకటి తెప్పించి, తనే కొడుతూ చిన్నపిల్లాడిలా నవ్వుతాడు. ఆఖర్న మేడ మీద పాడుతుంటే పోలీసులు వస్తారు. వాళ్ళకు సర్ది చెప్పేదీ ఈయనే. "ఈయనెవర్రా?" అనడిగితే, "మాల్ ఎవాన్స్. నీలాగే టెలిఫోన్ డిపార్టుమెంటు" అన్నాడు. అప్పుడు సర్దుకుని కూర్చున్నాను.

మాల్ ఎవాన్స్ 1935లో పుట్టాడు. లివర్‌పూల్‌లో జనరల్ పోస్టాఫీసు వారి టెలిఫోన్ ఇంజనీరు. 1985 దాకా మన దగ్గర తపాలా, టెలిఫోన్లు ఒకే గొడుగు కింద ఎలా ఉండేవో, అక్కడా ఆ రోజుల్లో అంతే. ఖాయమైన ఉద్యోగం. పెళ్ళాం లిల్లీ, ఏడాది దాటిన కొడుకు. 1962లో మధ్యాహ్నం లంచి వేళ బజారులో నడుస్తుంటే, కావెర్న్ అనే నేలమాళిగలోంచి పాట వినిపించింది. దిగి చూశాడు. అంతే, మళ్ళీ మళ్ళీ దిగాడు. మనిషి దిట్టంగా ఉన్నాడని అక్కడే వాకిలి దగ్గర కాపలా పని కూడా ఇచ్చారు. పగలు టెలిఫోన్లు, రాత్రి కావెర్న్.

1963 జనవరిలో బీటిల్స్‌కు వ్యాను నడిపే నీల్ ఆస్పినాల్‌కు జ్వరం వస్తే, బదులుగా మాల్ వెళ్ళాడు. లండన్ నుంచి లివర్‌పూల్‌కు రాత్రి ప్రయాణం, రెండు వందల మైళ్ళ దాకా. ఆ ఏడు ఇంగ్లండులో భయంకరమైన చలి. దారిలో రాయి తగిలి ముందు అద్దం పగిలింది. ఈయన బండి ఆపలేదు. పగిలిన అద్దాన్ని చేత్తో నెట్టేసి, ఆ ఈదురుగాలిని మొహం మీద పడనిస్తూ నడిపాడు. వెనక నలుగురు పాటగాళ్ళూ వెచ్చదనం కోసం ఒకరి మీద ఒకరు బస్తాల్లా పడుకున్నారు. కొద్ది గంటల్లోనే వ్యానుకు కొత్త అద్దం వేయించి తెచ్చాడట. తుఫాను వానలో స్తంభం ఎక్కి తీగ కలిపిన లైన్‌మన్లు ఈ సభలో ఉన్నారు. వాళ్ళకు ఈ మనిషి నేను చెప్పకుండానే అర్థమవుతాడు.

అదే ఏడు ఆగస్టులో రాజీనామా ఇచ్చి పూర్తిగా వాళ్ళతో చేరాడు.

అక్కడినుంచి ఆయన పని ఏమిటంటే, పేరు పెట్టలేని పని. ఆంప్లిఫయర్లు, డ్రమ్ములు మోసి అమర్చడం. గిటారు తీగలు, తలనొప్పి మాత్రలు, దెబ్బ తగిలితే అతికించే పట్టీలు ఒక సంచీలో పెట్టుకు తిరగడం. అభిమానులు వేలకొద్దీ సంతకాలు అడిగితే, నలుగురి సంతకాలూ నీల్, ఈయనా కూర్చుని పెట్టడం. (మన ఆఫీసుల్లో అయితే చార్జిషీటు!) 1963 చివర్లో ఈయన చేతుల్లోనే జాన్ లెన్నన్ గిటారు ఒకటి పోయింది. ఆ గిటారు ఎక్కడెక్కడో తిరిగి, 2015లో వేలంలో రెండు మిలియన్ల డాలర్లు దాటి పలికింది. స్టోర్సులో పని చేసినవారు ఆ బాధ ఊహించగలరు.

1966 జులైలో మనీలాలో ఆ దేశాధ్యక్షుడి భార్య ఇచ్చిన విందుకు బీటిల్స్ వెళ్ళలేదు. దాంతో విమానాశ్రయంలో కాపలా తీసేశారు, జనం మీద పడ్డారు. మాల్ తన్నులు తిన్నాడు. విమానం ఎక్కి కూర్చున్నాక అధికారులు ఈయన్ని మళ్ళీ కిందికి రమ్మన్నారు. తిరిగి వస్తానో రానో అనుకుని, లిల్లీకి తన ప్రేమ చెప్పమని స్నేహితుడితో అని దిగాడు. కాగితాల గొడవ తేలాక విమానం కదిలి ఢిల్లీకి వచ్చింది. 1968లో వాళ్ళు రుషీకేశంలో ధ్యానం నేర్చుకోవడానికి వచ్చినప్పుడూ, ఒకరోజు ముందే ఢిల్లీలో దిగి ఏర్పాట్లు చూసింది ఈయనే.

మోసే పనే కాదు, పాటలోనూ ఈయన చెయ్యి ఉంది. 1967లో ఒక పాట మధ్యలో ఇరవై నాలుగు తాళావర్తాలు ఖాళీ వదిలారు, తరవాత వాద్యాలు నింపుదామని. అది తప్పకుండా లెక్కపెట్టి, చివర్న అలారం గడియారం మోగించింది మాల్. ఆ లెక్కా, ఆ గంటా ఈనాటికీ రికార్డులో ఉన్నాయి. అదే పాట ఆఖర్న చాలాసేపు మోగే పియానో స్వరంలో కూడా ఈయన వేళ్ళున్నాయి. వాళ్ళ ప్రసిద్ధమైన ఆల్బం పేరు 'సార్జంట్ పెప్పర్' ఎలా వచ్చిందో తెలుసా? 1966లో కెన్యా నుంచి వస్తూ విమానంలో భోంచేస్తుంటే ఈయన ఉప్పూ మిరియాల పొడీ అడిగాడు. పక్కన కూర్చున్న పాల్ మెకార్ట్‌నీకి 'సాల్ట్ అండ్ పెప్పర్' కాస్తా 'సార్జంట్ పెప్పర్'లా వినిపించింది.

ఇంతవరకూ మా మనవడి పక్షం. ఇక మా ఆవిడ పక్షం. ఆవిడ కూడా నాతో సినిమా చూసింది. మూడోరోజు ఒకటే ప్రశ్న వేసింది. "ఈయన రాత్రీ పగలూ ఇక్కడే ఉన్నాడు కదా, ఇంట్లో పిల్లల్ని ఎవరు చూశారు?"

లిల్లీయే చూసింది. 1966లో కూతురు కూడా పుట్టింది. 1969 నాటి డైరీలో మాల్ రాసుకున్నాడు: అప్పుల్లో ఉన్నాననీ, బిల్లులు వస్తున్నాయనీ, జీతం పెంచమని అడగడానికి మాత్రం నోరు రావడం లేదనీ, పాపం వాళ్ళే కష్టాల్లో ఉన్నారనీ. లోకంలో అంత డబ్బు గడించినవాళ్ళు కష్టాల్లో ఉన్నారని ఈయన జాలిపడ్డాడు! నాకు కోపం వచ్చింది, కానీ ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను. అడగనివాడి మీదా, అడక్కపోతే ఇవ్వనివాళ్ళ మీదా? మనకు యూనియన్ ఉండేది. గేటు దగ్గర జెండా పట్టుకుని అరిచేవాళ్ళం. స్నేహితుడి దగ్గర జెండా ఎలా పట్టుకుంటాడు?

1970లో బీటిల్స్ విడిపోయారు. 1973లో ఆయన ఇల్లు విడిచి, తరవాత లాస్ ఏంజెల్స్ చేరాడు. 1976 జనవరి 5న మనసు బాగాలేక, చేతిలో తుపాకీతో గదిలో ఉంటే, పిలిపించిన పోలీసులు కాల్చారు. నలభై ఏళ్ళకే పోయాడు. తన జ్ఞాపకాల పుస్తకం కొద్ది రోజుల్లో ప్రచురణకర్తలకు ఇవ్వవలసి ఉంది.

ఇన్సూరెన్సు ప్రీమియం కట్టలేదు, పాలసీ పోయింది. పెన్షను లేదు. జార్జ్ హారిసన్ పూనుకుని ఆ కుటుంబానికి ఐదు వేల పౌన్లు అందేలా చేశాడు. ఇంకొక మాట, ఇది మన తపాలా మిత్రులు నెమ్మదిగా వినాలి. అమెరికాలో దహనం చేసి, చితాభస్మం ఇంగ్లండుకు పోస్టులో పంపిస్తే అది దారిలో తప్పిపోయింది. తరవాత దొరికింది. పోస్టాఫీసు ఉద్యోగం వదిలి వెళ్ళినవాడు ఆఖరికి పోస్టులోనే తిరిగి వచ్చాడు. ఆ కాగితాల పెట్టె కూడా అంతే. 1988లో న్యూయార్క్‌లో ఒక ప్రచురణ సంస్థ అడుగంతస్తులో, పారేయబోతుంటే ఒక తాత్కాలిక ఉద్యోగిని కంటపడి ఇంటివాళ్ళకు చేరింది. దాని ఆధారంగా 2023లో ఆయన జీవిత చరిత్ర వచ్చింది.

ఆ జ్వరం వచ్చిన డ్రైవరు నీల్ ఆస్పినాల్ సంగతి అడుగుతారేమో. ఆయన అకౌంట్సు నేర్చుకుంటూ వదిలి వచ్చినవాడు. బీటిల్స్ కంపెనీకి పెద్దయ్యి, 2007 దాకా నడిపి, 2008లో కాలం చేశాడు. ఇద్దరిదీ ఒకే వ్యాను. లెక్కలు తెలిసినవాడు నిలబడ్డాడని మా ఆవిడ అంటుంది. నాకది అంత సులువుగా ఒప్పుకోబుద్ధి కాలేదు.

మా మనవడికి చివరికి ఏం చెప్పారని కదా మీ ప్రశ్న? వద్దని చెప్పలేకపోయాను. దాగలి కొడుతూ నవ్విన ఆ మొహం చూశాక నోరు రాలేదు. ముప్పై ఆరేళ్ళలో నేను ఆఫీసులో అలా నవ్విన రోజు గుర్తు రాలేదు. రెండు కాగితాలు మాత్రం ముందు పెట్టాను. ఒకటి, నెలకు ఎంత ఇస్తారో ఆ పాటగాడి చేత రాయించుకు రమ్మన్నాను. రెండోది ఇన్సూరెన్సు ఫారం. "తాతయ్యా, ఆయన నాకు అన్నలాంటివాడు, రాతకోతలు ఏం బావుంటాయి?" అన్నాడు. "అందుకేరా" అన్నాను.

నెల రోజులు నాతో మాట్లాడలేదు. తరవాత విజయవాడలో ప్రోగ్రాం ఉందని వచ్చి, సామానంతా దింపి, చెమటతో ఇంటికొచ్చి, రెండు కాగితాలూ బల్ల మీద పెట్టాడు. నామినీ గడిలో వాళ్ళమ్మ పేరు. జీతం కాగితం మీద పాటగాడి సంతకం ఉంది. అది వాడే పెట్టాడేమోనని కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాను.

సెక్రటరీ గారు గడియారం చూపిస్తున్నారు. సాంబారు చల్లారుతుందట. శలవు.