గర్భిణీ స్త్రీల ముఖచర్మ సంరక్షణము

(మహిళామండలి సభ్యురాండ్ర నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)

గర్భిణీ స్త్రీల ఆరోగ్యమును గూర్చి ముచ్చటించునప్పుడు రక్తహీనత, పోషకాహారము, ధనుర్వాతపు టీకా, సుఖప్రసవము మొదలగు విషయములు ముందుగా వచ్చును. అవి ముందుగా రావలసినవే. కాని ముఖము పొడిబారి, పగిలి, మండుచున్నదని చెప్పుకొనుటకు పలువురు సంకోచింతురు. "కడుపుతో నున్నదానికి సోకుల మీద ధ్యాస యేమి?" అని ఎవరైన అందురేమోనని వారి భయము. ఇది సోకులకు సంబంధించిన మాట కాదు. మంటవలన నిద్ర చెడును. నిద్ర చెడిన తల్లికి అలసట పెరుగును. అంతకంటె ముఖ్యమైన విషయ మొకటి కలదు. బాధ నోర్వలేక ఏ అంగడిలోనో దొరకిన క్రీమును పూసికొన్నచో తల్లికిని, గర్భమునందలి శిశువునకును కీడు కలుగవచ్చును. ముఖము పొడిబారుట అంత ప్రమాదకరము కాదు; దానికై మనము పూయు వస్తువు ప్రమాదకరము కావచ్చును. నేడు మేము మీకు చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే.

పొడిదన మెందుకు కలుగును?

మన చర్మము యొక్క పైపొర తలవెంట్రుక మందమున కంటెను పలుచనైనది. ఇటుకల నడుమ సున్నమువలె, ఆ పొరలోని కణముల నడుమ ఒకవిధమైన కొవ్వు ఉండి, లోపలి తేమను బయటికి పోనీయక కాపాడుచుండును. ఆ కొవ్వు తరిగినప్పుడు తేమ ఆవిరియై పోవును. చర్మము బిగుసుకొని, తెల్లని పొట్టు లేచి, నీరు తగిలినను చురుక్కుమనును.

గర్భము ధరించినప్పుడు శరీరమునందలి హార్మోనులు మారును. అందుచే కొందరి ముఖము జిడ్డుదేరును, కొందరి ముఖము పొడిబారును. చిన్ననాటినుండి గజ్జి వంటి దురద, ఉబ్బసము ఉన్న కుటుంబములవారికి ఈ బాధ గర్భకాలమున హెచ్చుగా కనుపించుట కద్దు. పుష్యమాసపు చలిగాలి, వైశాఖమాసపు వడగాలి, పొయ్యి సెగ దీనిని మరింత పెంచును. కావున ఇది దృష్టిదోషము కాదు. పుట్టబోవు బిడ్డ ఆడయో మగయో తల్లి ముఖమును చూచి చెప్పవచ్చునను మాట కూడ నిజము కాదు.

ముఖము కడుగుకొను విధము

మొదటి ఔషధము తక్కువగా కడుగుకొనుటయే. ముఖము పొడిగా నున్నదని మాటిమాటికి సబ్బు రుద్దువారు కలరు. ఆరోగ్యవంతమైన చర్మము కొంచెము ఆమ్లగుణము కలిగియుండును; బట్టల సబ్బును, సాధారణమైన స్నానపు సబ్బును క్షారగుణము కలవి. అవి మురికితోపాటు కాపుగా నున్న కొవ్వును కూడ కడిగివేయును. ఉదయమున వట్టి నీటితో ముఖము కడుగుకొనిన చాలును. పొలము పనినుండి వచ్చిన సాయంకాలమున మాత్రము, అవసరమైనచో, వాసన లేని మెత్తని సబ్బును కొద్దిగా వాడవచ్చును.

నీరు గోరువెచ్చగా నుండవలెను. కాగిన నీరు పనికిరాదు. అనేక గ్రామములలో బోరుబావుల నీరు కఠినజలము. అందు సబ్బు నురగరాదు. పైగా సబ్బు తెట్టు చర్మమునకు అంటుకొని దురద పుట్టించును. అట్టిచోట్ల కడపటిసారి ముఖము కడుగుటకు త్రాగునీరు ఒక చెంబెడు ప్రత్యేకించుకొనుట మేలు. తుడుచునప్పుడు రుద్దరాదు. మెత్తని పాత నూలుబట్టతో అద్దవలెను.

తేమను నిలుపు విధము

ముఖము పూర్తిగా ఆరకముందే, తడి ఇంకను కొంచెము ఉండగనే, పైపూత పూయవలెను. ఇది అన్నిటికంటె ముఖ్యమైన మెలకువ. పూత స్వయముగా తేమ నీయదు. ఉన్న తేమను పోనీయక పట్టి ఉంచును. ఎండిన చర్మము మీద పూసినచో సగము ఫలమే దక్కును.

ఏమి పూయవలెను? జనులు వాసెలిన్ అని పిలుచు పెట్రోలియం జెల్లీ 1872వ సంవత్సరమున అమెరికాలో పేటెంటు పొందినది. నేటికిని చవకయైన, గర్భిణులకు నిరపాయమైన పూతలలో అది యొకటి. వాసన, రంగు కలపనిదానిని చూచి కొనవలెను. బఠాణీగింజంత తీసికొని అరచేతులలో పలుచగా చేసి ముఖమున కద్దిన చాలును. అది జిడ్డుగా తోచినవారు శుభ్రమైన కొబ్బరినూనె నాలుగైదు చుక్కలు వాడవచ్చును. ఆవనూనె మాత్రము ముఖమునకు తగదు. అది సున్నితమైన చర్మమును మండించును. కర్పూరము, పుదీనాపువ్వు కలిపిన లేపనములు చల్లగా తోచినను, పగిలిన చర్మమును మరింత రేపును. కలబంద ఆకు కోసినప్పుడు కారు పసుపుపచ్చని రసము దురద పుట్టించును. గర్భిణులు దానిని లోనికి పుచ్చుకొనుట ఎంతమాత్రము తగదు.

మంట హెచ్చుగా నున్నప్పుడు, శుభ్రమైన బట్టను చల్లని నీటిలో తడిపి పిండి, పది నిమిషములు ముఖముపై వేసికొని, తీసిన వెంటనే పూత పూయవలెను. క్రొత్త వస్తువును దేనినైనను మొదట మోచేతి మడతలో కొద్దిగా పూసి, రెండు దినములు చూచి, ఎరుపుగాని దురదగాని లేకున్ననే ముఖమునకు వాడవలెను.

నీరు చక్కగా త్రాగుట గర్భిణికి అవసరమే. కాని నీరు త్రాగినంతమాత్రమున ముఖపు పొడిదనము తీరదు. పైపూతయు కావలెను.

పసుపు, సున్నిపిండి

పసుపు మనకు మంగళద్రవ్యము. దానిని మానుడని చెప్పుట మా అభిప్రాయము కాదు. కాని పొడిబారి పగిలిన ముఖమునకు ప్రతిదినము పసుపు పట్టించి రుద్ది కడుగుట వలన మంట హెచ్చును. ఆ కొన్ని నెలలు పాదములకు రాచుకొని, ముఖమునకు బొట్టంత తాకించినను ఆచారము చెల్లును. మరియొక మాట. రంగుకొరకు విడిపసుపులో సీసము కలిసిన క్రోమియపు రంగును కల్తీ చేయు మోసగాండ్రు కలరు. సీసము గర్భస్థ శిశువు మెదడునకు హాని చేయును. కావున వంటకైనను, ఒంటికైనను పసుపుకొమ్ములు తెచ్చి ఇంట దంచుకొనుట ఉత్తమము.

పెసరపిండి, సెనగపిండి జిడ్డును లాగివేయును. జిడ్డు ముఖమునకు అది గుణము, పొడి ముఖమునకు అదియే దోషము. నిమ్మరసము పూసి ఎండలోనికి పోయినచో చర్మము బొబ్బలెక్కి నల్లబడును. సీమంతమునకు ముందు ముఖము మెరయవలెనని బ్యూటీపార్లరులలో బ్లీచింగు చేయించుకొనుట కొన్ని గ్రామములకును ప్రాకినది. పొడిబారిన ముఖమునకు అది పుండుపై కారము చల్లినట్లే.

మంగుమచ్చలు, తెల్లబరచు క్రీములు

గర్భిణులలో పలువురకు బుగ్గలమీద, నుదుటిమీద, పైపెదవిమీద గోధుమవన్నె మచ్చలు వచ్చును. వీనిని మన వైపు మంగు అందురు. హార్మోనుల మార్పు, ఎండ దీనికి ముఖ్యకారణములు. ప్రసవమైన కొన్ని నెలలకు అనేకులకు ఇది తనంతట తానే తగ్గును. నాట్లకు, కలుపుకు పోవునప్పుడు పైటచెంగు నుదుటివరకు కప్పుకొనుట, వెడల్పు అంచు టోపీగాని గొడుగుగాని వాడుట, మిట్టమధ్యాహ్నపు ఎండ తప్పించుకొనుట దీనికి తగిన జాగ్రత్తలు. జింక్ ఆక్సైడు గల ఎండపూతలు గర్భిణులు వాడదగినవి.

కాని ఓపిక పట్టక తెల్లబరచు క్రీములను కొనువారు పెక్కురు. ఇచ్చటనే అసలైన ప్రమాద మున్నది. అట్టి క్రీములలో మూడు విధములైన హాని కలదు.

మొదటిది పాదరసము. అది చర్మమునకు నలుపునిచ్చు పదార్థమును పుట్టనీయదు. అందుచే ముఖము కొద్దిదినములలో తెల్లబడినట్లు తోచును. కాని పాదరసము చర్మముగుండ రక్తమున చేరి మూత్రపిండములను చెరచును. మావిని దాటి శిశువును చేరును. తల్లి చేతులకును, తువాలుకును, దిండుకును అంటినది ఇంటిలోని పసిబిడ్డలకును సోకును. కేరళలోని మలప్పురం జిల్లాలో 2021, 2023 సంవత్సరముల నడుమ ఒకవిధమైన మూత్రపిండ వ్యాధితో వచ్చిన 22 మందిని వైద్యులు పరీక్షించిరి. వారిలో 15 మందికి అరుదైన ఒక రకము వ్యాధి ఉన్నట్లు తేలినది. ఆ 15 మందిలో 13 మంది ముఖమునకు తెల్లబరచు క్రీములు వాడినవారే. పాదరసమును అరికట్టుటకై 2013లో జపానునందు కుదిరిన మినమాటా ఒడంబడికను భారతదేశము 2018లో ధ్రువపరచినది. మన దేశపు 2020వ సంవత్సరపు సౌందర్యసాధనముల నిబంధనల ప్రకారము ముఖమునకు పూయు క్రీములలో పాదరసము కలుపరాదు; తెలియక చేరినదైనను పది లక్షల పాళ్లలో ఒక పాలు మించరాదు. అయినను దొంగసరకు వచ్చుచునే యున్నది. తయారుచేసినవారి పేరు, చిరునామా, కలిపిన వస్తువుల పట్టిక, లైసెన్సు సంఖ్య లేని డబ్బీని తాకనే తాకరాదు.

రెండవది స్టెరాయిడు. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అనునవి అట్టివి. ఇవి తగిన రోగమునకు, తగిన మోతాదులో వైద్యుడు ఇచ్చినప్పుడు మేలుచేయు మందులే. వైద్యుని సలహాపై స్వల్పముగా వాడు తేలికపాటి స్టెరాయిడునకు గర్భిణులు భయపడ పనిలేదు. కాని ఊరక ముఖమునకు నెలల తరబడి పూసినచో చర్మము పలుచబడి, ఎర్రని నరములు తేలి, మొటిమలు లేచును. పూయుట మానిన వెంటనే మంట రెట్టింపగును. గాఢమైన స్టెరాయిడు గర్భకాలమున హెచ్చుగా వాడిన తల్లులకు బరువు తక్కువ బిడ్డలు పుట్టవచ్చును. అందుచేతనే ఈ పూతమందులను వైద్యుని చీటి లేనిదే అమ్మరాదని 2018లో కేంద్రప్రభుత్వము కట్టడి చేసినది.

మూడవది హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ వంటి మందులు. ఇవి గర్భిణులు వాడదగినవి కావు. మొటిమలకై మ్రింగు ఐసోట్రెటినాయిన్ మాత్రలు శిశువునకు ఘోరమైన అవయవలోపములు కలిగించును. గర్భము నిలిచినదని తోచిన వెంటనే వీనిని ఆపి వైద్యునికి తెలుపవలెను.

మీలో ఎవరైన ఇట్టి క్రీమును ఇదివరకే వాడియున్నచో సిగ్గుపడవలదు, దాచవలదు. ఆ డబ్బీనిగాని, గొట్టమునుగాని చేతపట్టుకొని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పొండు. దానిని చూచినగాని వైద్యుడు సరియైన సలహా చెప్పజాలడు. కుంకుమపువ్వు పాలు త్రాగినచో బిడ్డ ఎర్రగా పుట్టుననుట కూడ భ్రమయే. బిడ్డ రంగు తల్లిదండ్రుల వంశమునుబట్టి వచ్చును. ఆ డబ్బుతో గ్రుడ్లు, పాలు, పప్పు కొనిపెట్టుట బిడ్డకు వేయిరెట్లు మేలు.

ఆలస్యము చేయరాని లక్షణములు

కొన్ని లక్షణములు చర్మమున కనుపించినను, వాని మూలము లోపల నుండును. వానిని నూనెతో మాన్ప జూడరాదు.

అరచేతులలోను, అరికాళ్లలోను దద్దులు లేకయే విపరీతమైన దురద, ముఖ్యముగా రాత్రులయందు, చివరి నెలలలో వచ్చినచో అది కాలేయమునకు సంబంధించినది కావచ్చును. దానివలన శిశువునకు ప్రాణాపాయము కలుగవచ్చును, రక్తపరీక్ష అవసరము. ముఖము, చేతులు ఉన్నట్లుండి ఉబ్బి, తలనొప్పి, చూపు మసకబారుట ఉన్నచో రక్తపుపోటు పెరిగినదేమో వెంటనే చూడవలెను. ఒళ్లంతయు పొడిబారి, నీరసము, చలి, మలబద్ధకము ఉన్నచో థైరాయిడు పరీక్ష చేయించవలెను. ముక్కునకు ఇరుప్రక్కల ఎర్రని దద్దుతోపాటు కీళ్లనొప్పులున్నను, జ్వరముతో పొక్కులు లేచినను, పగుళ్లలో చీము పట్టినను వైద్యుని చూడవలెను.

ప్రతినెల 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో గర్భిణులకు ఉచితముగా పరీక్షలు చేయుదురు. ఆ దినమున బరువు, రక్తపుపోటు చూపించుకొనుటతో సరిపెట్టుకొనక, ముఖము మండుచున్నదను మాటను కూడ చెప్పవలెను. ఆశా కార్యకర్తతోను, ఏ.ఎన్.ఎం. తోను చెప్పుటకు తేదీ కొరకు వేచియుండ నక్కరలేదు. ప్రమాదలక్షణము తోచినప్పుడు 108కి టెలిఫోను చేయవలెను.

ఇంటివారి బాధ్యత

ఇక అత్తలకు, భర్తలకు ఒక మనవి. కట్టెలపొయ్యి పొగ, సెగ గర్భిణి ముఖమునకే కాదు, గర్భమునందలి శిశువు ఎదుగుదలకును చెరుపు. గ్యాసు పొయ్యి ఉన్న ఇంట దానిని అటకమీద పెట్టక వాడవలెను. లేని ఇంట ఈ నెలలలో పొయ్యి దగ్గరి పనిని ఇతరులు పంచుకొనవలెను. కోడలి ముఖము కళ తప్పినదని పదిమందిలో ఆడిన ఒక్కమాటయే ఆమెను క్రీముల అంగడికి నడిపించును. ఆ మాట నాలుకపైనే ఆపికొన్నవారు ఒక బిడ్డకు మేలు చేసినవారగుదురు.

సోదరీమణులారా, చెప్పినదానిని క్లుప్తముగా మరల చెప్పుచున్నాము. సబ్బు తగ్గింపుడు. తడి ఆరకముందే పూత పూయుడు. ఎండనుండి, పొగనుండి ముఖమును కాపాడుకొనుడు. పేరు, ఊరు తెలియని క్రీమును ఇంటికి రానీయకుడు. అరచేతి దురదను, ముఖపు వాపును ఉపేక్షింపకుడు. వీనికి కావలసినది చెంబెడు నీరు, నాలుగు చుక్కల నూనె, కొంచెము ఓపిక. గర్భకాలమున ముఖమునకు పూసిన ప్రతి వస్తువును బిడ్డకు పూసినట్లే ఎంచుకొని మెలగుడు. మీ ఇంట పుట్టు శిశువు ఆరోగ్యవంతుడై వర్ధిల్లుగాక!