ఏజెంటుకు మన తీరం నేర్పండి



ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది ఉద్యోగంలో చేరగానే కోడ్ రాసే ఏఐ ఏజెంటుతో కలిసి పనిచేస్తారు. దానికి ప్రోగ్రామింగ్ బాగా వచ్చు, మన మైపాడు తీరం సంగతులు మాత్రం మనమే చెప్పాలి. అందుకు ఆంత్రోపిక్ సంస్థ 2025 అక్టోబరులో ‘స్కిల్స్’ అనే పద్ధతి తెచ్చి, డిసెంబరులో దాన్ని ఎవరైనా వాడుకునే ప్రమాణంగా విడుదల చేసింది. స్కిల్ అంటే ఒక ఫోల్డరు. అందులోని ముఖ్యమైన ఫైలులో పైన పేరు, వివరణ ఉంటాయి; కింద పనిచేసే తీరు ఉంటుంది. ఏజెంటు ముందుగా పేరూ వివరణా మాత్రమే చూస్తుంది. చేతిలో ఉన్న పనికి పనికొస్తుందనుకుంటేనే మిగతాది తెరుస్తుంది. అన్ని స్కిల్స్‌నూ ఒకేసారి నింపితే ఏజెంటు గుర్తుంచుకునే చోటు చాలదు, అసలు విషయం మరుగున పడుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాలు పంపే సముద్ర ఉష్ణోగ్రత, క్లోరోఫిల్ వివరాలు చూసి చేపలు దొరికే అవకాశమున్న చోట్లను చెబుతుంది. దిక్కు, దూరం, లోతు అందులో ఉంటాయి. ఆ సూచనను తెలుగు వాయిస్ మెసేజ్‌గా మార్చే ప్రోగ్రాం రాయమంటే ఏజెంటు లోతు 36 మీటర్లనే చెప్పిస్తుంది. వేటకు పోయేవాళ్లకు అది దాదాపు ఇరవై బారలని చెప్పాలి. మీటర్లను బారల్లోకి మార్చే ఆ లెక్క స్కిల్‌లో మీరు రాయాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం కాబట్టి అప్పుడు వేట మెసేజ్ పోకూడదని రాయాలి. తుపాను హెచ్చరిక ఉంటే ముందు అదే వినిపించాలనీ రాయాలి. అది ప్రాణాలతో ముడిపడ్డ సంగతి.

వివరణ రాసేటప్పుడు తొందరపడకండి. ‘చేపల సమాచారం’ అని వదిలేస్తే కావలసినప్పుడు ఏజెంటు దాన్ని తెరవకపోవచ్చు, రొయ్యల చెరువుల లెక్క అడిగినప్పుడు తెరవవచ్చు. ‘ఇన్‌కాయిస్ వేట సూచనను తెలుగు వాయిస్ మెసేజ్‌గా మార్చమన్నప్పుడు వాడాలి’ అని విప్పి రాయండి. నా దృష్టిలో స్కిల్ మొత్తంలో ఎక్కువ ఆలోచన కోరేది ఆ ఒక్క వాక్యమే.

ఇంకొకటి. ఊరూ పేరూ తెలియని చోటు నుంచి దించుకున్న స్కిల్‌లో స్క్రిప్టులుంటే అవి మీ కంప్యూటరులోనే నడవవచ్చు. పూర్తిగా చదవనిదే చేర్చుకోకండి.

ఉద్యోగానికి ఊరు దాటేలోపు మీ తీరంలో వేటకు పోయే పెద్దల దగ్గర కూర్చోండి. వాళ్లు చెప్పింది స్కిల్‌గా రాయండి. దాంతో తయారైన మెసేజ్‌ను వాళ్లకే వినిపించి, తప్పులు దిద్దించుకోండి.