స్క్రీన్ అప్పుడప్పుడు మినుకుమంటోందా? ప్యానెల్ మార్చే ముందు ఈ 5 పరీక్షలు చేయండి

ఈ ఎపిసోడ్‌లో ల్యాప్‌టాప్ స్క్రీన్ ఫ్లికరింగ్ గురించి మాట్లాడుకుందాం. స్క్రీన్ పూర్తిగా నల్లబడిపోవడం గురించి కాదు. బాగానే పనిచేస్తూ చేస్తూ ఒక్కసారి మినుకుమని, రెండు సెకన్లు గీతలు గీతలుగా వచ్చి, మళ్లీ ఏమీ జరగనట్టు మామూలుగా అయిపోతుంది చూడండి, ఆ ప్రాబ్లమ్ గురించి.

పూర్తిగా చెడిపోయిన వస్తువుని బాగుచేయడం కొంచెం సులువే. అప్పుడప్పుడు చెడిపోయేదే అసలు తలనొప్పి. ఇంట్లో వంద సార్లు మినుకుమంటుంది, షాపులో కౌంటర్ మీద పెట్టగానే బుద్ధిగా కూర్చుంటుంది. అప్పుడు షాపతను రెండింట్లో ఒకటి అంటాడు. "ఏం ప్రాబ్లమ్ లేదు భయ్యా" అంటాడు, లేకపోతే "ప్యానెల్ పోయింది, మార్చేద్దాం" అంటాడు. రెండూ అంచనాలే. ఆ అంచనాకి డబ్బు కట్టేది మాత్రం మనం.

అందుకే ఈ రోజు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ప్రాబ్లమ్ ఎప్పుడు వస్తుందో కనిపెడితే, ఎక్కడ ఉందో సగం తెలిసిపోయినట్టే.

ముందు బొమ్మ మన కంటి దాకా ఎట్లా వస్తుందో చూద్దాం. మీరు వాడే యాప్ బొమ్మ గీయమని విండోస్‌కి చెప్తుంది. విండోస్ ఆ పనిని గ్రాఫిక్స్ డ్రైవర్ ద్వారా గ్రాఫిక్స్ చిప్‌కి ఇస్తుంది. చిప్ ఉండేది కీబోర్డ్ కింద, మదర్‌బోర్డు మీద. స్క్రీన్ ఉండేది పైన మూతలో. రెండింటినీ కలిపేది ఒక సన్నని కేబుల్. దాన్ని డిస్‌ప్లే కేబుల్ అంటారు, ఈడీపీ కేబుల్ అని కూడా అంటారు. అది హింజ్ పక్కనుంచి, అంటే మూత మడతపడే కీలు పక్కనుంచి పైకి వెళ్తుంది. మీరు ల్యాప్‌టాప్ తెరిచి మూసిన ప్రతిసారీ ఆ కేబుల్ కొంచెం వంగుతుంది. అంటే అనుమానించాల్సినవి నాలుగు: యాప్, డ్రైవర్, కేబుల్, ప్యానెల్. ఐదోది మదర్‌బోర్డు, కానీ దాని దాకా ముందే పోవద్దు.

ఇప్పుడు ఒక నిజమైన కేసు చెప్తాను. నాకు తెలిసిన ఒక జూనియర్ ఉస్మానియా యూనివర్సిటీలో పీజీ ఫైనల్ ఇయర్. హాస్టల్‌లో ఉంటాడు. స్కాలర్‌షిప్ డబ్బులు, ఇంకా ఇంట్లోవాళ్లు చిట్టీ ఎత్తి ఇచ్చిన డబ్బులు కలిపి ల్యాప్‌టాప్ కొనుక్కున్నాడు. వారంటీ అయిపోయింది. ప్రాజెక్ట్ సబ్‌మిషన్‌కి పన్నెండు రోజులు ఉందనగా స్క్రీన్ మినుకుమనడం మొదలైంది. తార్నాక వైపు ఒక షాపులో చూపిస్తే గంటసేపు ఆన్ చేసి పెట్టి "అంతా ఓకే" అన్నారు. ఇంకో షాపులో చూడకుండానే ప్యానెల్ మార్చాలి, 7,500 రూపాయలు అన్నారు. ఇద్దరూ చెడ్డవాళ్లేం కాదు. వాళ్ల కళ్లముందు ఆ మినుకు రాలేదు, అంతే.

నాకు ఫోన్ చేసి, "అన్నా, 7,500 పెట్టాక కూడా మళ్లీ వస్తే ఏం చేయాలె?" అన్నాడు. సరైన ప్రశ్న. "తమ్మీ, డబ్బులు జేబులోనే ఉంచు. మూడు రోజులు నేను చెప్పింది చెయ్" అన్నాను. ఏం చేయమన్నానో వరుసగా చెప్తాను, మీరూ చేయొచ్చు. దీనికి స్క్రూడ్రైవర్ అవసరం లేదు.

మొదటి పరీక్ష: రాసిపెట్టుకోవడం. మీ ఫోన్‌లో నోట్స్ యాప్ తెరవండి. మినుకు వచ్చిన ప్రతిసారీ ఐదు విషయాలు రాయండి. టైమ్ ఎంత, ఎక్కడ కూర్చున్నారు, చార్జర్ పెట్టి ఉందా లేదా, ఏ యాప్ నడుస్తోంది, మూత ఎంత వాల్చి ఉంది. ఛాన్స్ దొరికితే వీడియో కూడా తీయండి. షాపులో మినుకు రాకపోయినా ఈ వీడియో సాక్ష్యంగా పనికొస్తుంది.

వీడియో తీసేటప్పుడు ఒక జాగ్రత్త. ఫోన్ కెమెరాలో స్క్రీన్ మీద నల్లటి పట్టీలు కదులుతున్నట్టు కనిపిస్తే వెంటనే భయపడొద్దు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్‌జ్. అందువల్ల పాత రకం ట్యూబ్‌లైట్ వెలుగు సెకనుకి 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. మన కంటికి తెలియదు, కెమెరా పట్టేస్తుంది. అట్లాగే చాలా స్క్రీన్‌లు బ్రైట్‌నెస్ తగ్గించడానికి బ్యాక్‌లైట్‌ని చాలా వేగంగా ఆపి వెలిగిస్తాయి. బ్రైట్‌నెస్ ఫుల్ పెట్టగానే ఆ పట్టీలు పోతే అది స్క్రీన్ పనిచేసే పద్ధతే, రిపేర్ కాదు. కంటితో నేరుగా చూసినప్పుడు కనిపించే మినుకే మన కేసు.

రెండో పరీక్ష: టాస్క్ మేనేజర్. ఇది మైక్రోసాఫ్ట్ కూడా చెప్పే పద్ధతి. స్క్రీన్ మినుకుమంటున్నప్పుడే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కీలు కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. దాని కిటికీ కూడా మిగతా స్క్రీన్‌తో పాటు మినుకుమంటే అనుమానం డ్రైవర్ మీద. చుట్టుపక్కల అంతా మినుకుమంటూ టాస్క్ మేనేజర్ మాత్రం నిలకడగా ఉంటే, ఏదో ఒక యాప్ సరిపడక ఆ గొడవ చేస్తోంది. ఈమధ్య ఏ యాప్ వేశారో గుర్తు చేసుకుని, దాన్ని అప్‌డేట్ చేయండి, లేకపోతే తీసేసి చూడండి.

ఇంకో చిన్న చిట్కా. విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ రీస్టార్ట్ అవుతుంది. స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడి వస్తుంది, కంగారు వద్దు. దాని తర్వాత మినుకు ఆగిపోతే అది కూడా డ్రైవర్ వైపే చూపిస్తుంది.

మూడో పరీక్ష నాకు చాలా ఇష్టం, ఎందుకంటే ఇది సాఫ్ట్‌వేర్‌ని పూర్తిగా పక్కన పెట్టేస్తుంది. ల్యాప్‌టాప్ ఆన్ చేసేటప్పుడు ఎఫ్2 గానీ డిలీట్ గానీ నొక్కితే బయోస్ స్క్రీన్ వస్తుంది. కంపెనీని బట్టి కీ మారుతుంది. అక్కడ ఏ సెట్టింగూ మార్చకండి, ఊరికే చూస్తూ కూర్చోండి. అక్కడ విండోస్ లేదు, విండోస్ డ్రైవర్ లేదు. అక్కడ కూడా మినుకుమంటే తప్పు హార్డ్‌వేర్‌లోనే. రెండు నిమిషాలు చూసి "రాలేదు కదా" అని తేల్చేయొద్దు. ఇది అప్పుడప్పుడు వచ్చే జబ్బు కదా, ఇరవై నిమిషాలైనా చూడాలి.

నాలుగో పరీక్ష: ఇంకో స్క్రీన్. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకో, ల్యాబ్‌లో మానిటర్‌కో కలపండి. రెండు స్క్రీన్‌లలో ఒకే బొమ్మ వచ్చేలా పెట్టండి. రెండూ ఒకేసారి మినుకుమంటే తప్పు డ్రైవర్‌లోనో గ్రాఫిక్స్ చిప్‌లోనో ఉంది. బయటి స్క్రీన్ నిలకడగా ఉండి, ల్యాప్‌టాప్ స్క్రీన్ ఒక్కటే మినుకుమంటే చిప్ దాదాపు బయటపడినట్టే. ఇక మిగిలింది కేబుల్, ప్యానెల్, లేదా ల్యాప్‌టాప్ స్క్రీన్‌కి మాత్రమే వర్తించే ఏదైనా పవర్ సేవింగ్ సెట్టింగ్.

ఐదో పరీక్ష: మూత. బయోస్ స్క్రీన్‌లోనే ఉండి, మూతని మెల్లగా, చాలా మెల్లగా ముందుకి వెనక్కి కదపండి. బలం పెట్టొద్దు. ఒకే కోణం దగ్గర ప్రతిసారీ మినుకు వస్తే అనుమానం కేబుల్ మీదికి పోతుంది. మూత కదపకుండా స్క్రీన్ అంచుని వేలితో కొద్దిగా తాకితేనే వస్తే, లేదా ఎప్పుడూ ఒకేచోట నిలువు గీత ఉంటే, అప్పుడు ప్యానెల్‌ని అనుమానించాలి.

ఇప్పుడు మన తమ్ముడి నోట్స్‌లో ఏం వచ్చిందో చూడండి. మూడు రోజుల్లో పద్నాలుగు సార్లు మినుకు వచ్చింది. పద్నాలుగూ హాస్టల్ రూమ్‌లోనే. క్యాంపస్ లైబ్రరీలో రోజుకి నాలుగైదు గంటలు కూర్చున్నాడు, ఒక్కసారి కూడా రాలేదు. రూమ్మేట్లంతా "హాస్టల్ కరెంటు బాలేదు, వోల్టేజ్ ప్రాబ్లమ్" అని తేల్చేశారు. వినడానికి నిజమే అనిపిస్తుంది. కానీ నోట్స్‌లో ఇంకో కాలమ్ ఉంది కదా, చార్జర్ అని. పద్నాలుగులో ఆరు సార్లు చార్జర్ పెట్టే లేదు, బ్యాటరీ మీద నడుస్తోంది. బ్యాటరీ మీద నడిచేదానికి గోడలో కరెంటుతో ఏం పని?

మరి రూమ్‌కీ లైబ్రరీకీ తేడా ఏంటి? ఆఖరి కాలమ్ చూడమన్నాను. లైబ్రరీలో బల్ల మీద పెట్టి కుర్చీలో నిటారుగా కూర్చుంటాడు, మూత దాదాపు నిలువుగా ఉంటుంది. రూమ్‌లో మంచం మీద గోడకి ఆనుకుని, ఒళ్లో పెట్టుకుంటాడు, మూత బాగా వెనక్కి వాలుతుంది. షాపు కౌంటర్ మీద కూడా మూత నిలువుగానే ఉంటుంది. అందుకే అక్కడ మినుకు రాలేదు. మనం ఇన్ని రోజులు గదిని అనుమానించాం, అసలు సంగతి మూత కోణంలో ఉంది.

ఆ రాత్రి బయోస్‌లో పెట్టి మూత కదిపి చూశాడు. ఒక చోటికి వాలగానే మినుకు, ముందుకి తెస్తే మామూలు. పదిసార్లలో తొమ్మిది సార్లు. ల్యాబ్‌లో మానిటర్‌కి కలిపితే అది మాత్రం నిలకడగా ఉంది. అంటే కేసు కేబుల్ మీదికి వచ్చేసింది.

తర్వాత షాపుకి వెళ్లి "స్క్రీన్ ప్రాబ్లమ్" అనలేదు. "హింజ్ దగ్గర డిస్‌ప్లే కేబుల్ చూడండి, ఈ కోణంలో మినుకుమంటోంది" అని అక్కడే చూపించాడు. విప్పితే హింజ్ పక్కన కేబుల్ పైపొర ఒరుసుకుపోయి ఉంది. కేబుల్ మీద ఉన్న పార్ట్ నంబర్ ఫోటో తీసుకుని సికింద్రాబాద్ పార్క్ లేన్‌కి వెళ్లాడు. అక్కడ చెనాయ్ ట్రేడ్ సెంటర్, మనం సీటీసీ అంటాం కదా, అందులో దొరికింది. కేబుల్, బిగించిన కూలీ అంతా కలిపినా ప్యానెల్‌కి చెప్పిన రేటులో నాలుగో వంతు కాలేదు. ప్రాజెక్ట్ టైమ్‌కి సబ్‌మిట్ చేశాడు.

అందరిదీ కేబులే అవుతుందని నేను అనడం లేదు. మీ పరీక్షల్లో డ్రైవర్ అని తేలితే రూపాయి ఖర్చు ఉండదు. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ తెరిచి, ప్రాపర్టీస్‌లో డ్రైవర్ ట్యాబ్‌కి వెళ్లి, రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కండి. ఆ బటన్ పనిచేయకపోతే మీ ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి మీ మోడల్ డ్రైవర్ వేయండి. ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్నవాళ్లు ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్ అనే సెట్టింగ్ కనిపిస్తే ఆఫ్ చేసి ఒకరోజు చూడండి. అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేట్ మార్చి చూడండి. కానీ ఒకసారికి ఒక్కటే మార్చండి. నాలుగూ ఒకేసారి మారిస్తే ఏది మందో ఏది కాదో తెలియదు. ఇంకో మాట, బయోస్ అప్‌డేట్, సేఫ్ మోడ్ లాంటివి చేసే ముందు మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో బిట్‌లాకర్ రికవరీ కీ ఉందో లేదో చూసి రాసిపెట్టుకోండి. కొన్నిసార్లు అది అడుగుతుంది. లేకపోతే మీ ఫైల్స్ మీకే తెరుచుకోవు.

షాపుకి ఇవ్వాల్సి వస్తే ఈ నాలుగు పాటించండి. ముందు ఫైల్స్ బ్యాకప్ తీసుకోండి. స్క్రీన్ రిపేర్‌కి మీ పాస్‌వర్డ్ అవసరం లేదు, బయోస్ స్క్రీన్‌లోనే చూపించమనండి. తీసేసిన పాత పార్ట్ వెనక్కి అడగండి. బిల్లు తీసుకోండి. వారంటీ ఉంటే మీరే విప్పొద్దు, సర్వీస్ సెంటర్‌కే వెళ్లండి. ఎవరైనా మోసం చేశారనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కాల్ చేయొచ్చు. వారంటీ అయిపోయాక మీరే విప్పాలని చూస్తుంటే, బ్యాటరీ కనెక్టర్ తీయకుండా డిస్‌ప్లే కేబుల్ ముట్టుకోవద్దు. అందులోంచే బ్యాక్‌లైట్‌కి కరెంటు పోతుంది, చిన్న షార్ట్ అయినా బోర్డు దెబ్బతింటుంది.

ఈ పద్ధతి ల్యాప్‌టాప్‌కే కాదు. ఫోన్ చార్జింగ్ అప్పుడప్పుడు ఆగిపోయినా, బైక్ ఒక్కోసారి స్టార్ట్ కాకపోయినా ఇదే దారి. ముందు రాయండి, తర్వాత ఒక్కొక్కటి పక్కన పెట్టండి, ఆఖరున డబ్బు తీయండి.

మీ ల్యాప్‌టాప్‌లో మినుకు ఎప్పుడొస్తోందో, ఏ పరీక్షలో ఏం తేలిందో కామెంట్‌లో రాయండి. మోడల్ పేరు కూడా రాయండి, అప్పుడే సరిగ్గా చెప్పగలను. హాస్టల్‌లో ఎవరికైనా ఈ ప్రాబ్లమ్ ఉంటే, వాళ్లు షాపుకి బయల్దేరక ముందే ఈ ఎపిసోడ్ పంపించండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.